పళ్ళ డాక్టరుకు క్యాన్సర్ ఆసుపత్రిలో పనేమిటి?

(సంస్థ వార్షికోత్సవంలో, స్కాలర్‌షిప్పుల పంపిణీ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సభలో విద్యా కమిటీ తరఫున ‘ఇంటర్ తర్వాత ఏం చదవాలి’ అనే ప్రసంగం ఒకటి ఉంటుంది. ఇంజనీరింగ్, మెడిసిన్, సి.ఏ., గ్రూప్స్ అంటూ అరగంటలో అరవై దారులు చెబుతాం. పిల్లలు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. ఆ సంగతులన్నీ ఇప్పుడు వాళ్ళ చేతిలోని ఫోన్లలోనే ఉన్నాయి. అందుకని ఈసారి ఒక్క దారి గురించే చెబుతామని కార్యదర్శి గారిని అడిగి ఒప్పించుకున్నాం. బి.డి.ఎస్. చదివిన వాళ్ళు క్యాన్సర్ రోగుల నోటి వైద్యంలోకి వెళ్ళే దారి అది. డెంటల్ ఆంకాలజీ అంటారు. పేరు కొత్తగా ఉన్నా, పని మాత్రం మన వీధి చివర కిళ్ళీ కొట్టు దగ్గరే మొదలవుతుంది.

ముందుగా ఒక మాట. మా కమిటీ దగ్గరికి ప్రతి ఆగస్టు, సెప్టెంబరుల్లో తల్లిదండ్రులు వస్తారు. నీట్ ర్యాంకు కాగితం బల్ల మీద పెట్టి, “మాస్టారూ, ఎం.బి.బి.ఎస్. రాలేదు, డెంటల్ అయితే వస్తుందంటున్నారు, తీసుకోమంటారా?” అని అడుగుతారు. ఆ అడగడంలోనే ఓటమి వినిపిస్తుంది. పక్కన నిలబడ్డ పిల్ల తలవంచుకుని ఉంటుంది. పళ్ళు పీకే చదువు, ఊళ్ళో ఇప్పటికే సందుకో క్లినిక్ ఉంది, ఏం మిగులుతుంది అన్నది వాళ్ళ లెక్క. ఆ లెక్కలో కొంత నిజం లేకపోలేదు. అయితే నోరు అనే అవయవాన్ని వాళ్ళు మరీ చిన్నది చేసి చూస్తున్నారు. తినేది, మాట్లాడేది, ఖుర్ఆన్ చదివేది, పిల్లల్ని ముద్దు పెట్టుకునేది ఆ నోటితోనే. మన దేశంలో మగవాళ్ళకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ కూడా ఆ నోటిదే. ఏటా లక్షకు పైగా కొత్త రోగులు తేలుతున్నారు.

2016-17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వేలో పెద్దవాళ్ళలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. తాగేవాళ్ళకంటే నమిలేవాళ్ళే ఎక్కువ, 21.4 శాతం. మనం ఉంటున్న జిల్లా సంగతి చెప్పనక్కర్లేదు. దేశానికంతటికీ పొగాకు బోర్డు పెడితే దాని ప్రధాన కార్యాలయం మన గుంటూరులోనే పెట్టారు. మన తాతలు కొందరు బేరన్లలో పొగాకు కాల్చినవాళ్ళే. ఆ పంట మీద పెళ్ళిళ్ళయిన ఇళ్ళూ మనకు తెలుసు. దాని మీద తీర్పు చెప్పడం ఇక్కడ మా పని కాదు.

పొగాకు సంగతి అందరికీ తెలుసు. తెలియనిది వక్క సంగతి. “మేం జర్దా వేసుకోం సార్, ఉత్త వక్కపొడే” అంటారు మనవాళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో, పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే మనిషికి క్యాన్సర్ తెప్పించగలదని తేల్చింది. గుట్కా మీద నిషేధం వచ్చాక ఏం జరిగిందో చూస్తూనే ఉన్నాం. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం విడివిడిగా అమ్ముతున్నారు. రెండూ కలిపేది కొన్నవాడి అరచేతిలో. తొమ్మిదో తరగతి పిల్లల జేబుల్లో ఆ పొట్లాలు మేమే తీశాం.

వక్క ఎక్కువగా నమిలే పిల్లలకు మొదట ఏమవుతుందో తెలుసా? కారం తినలేరు. గుంటూరులో పుట్టిన పిల్లవాడు ఆవకాయ నాలుక్కి తగలగానే నోరు మంట అని కంచం ముందు నుంచి లేస్తాడు. తల్లి అల్సరేమో అనుకుని పెరుగన్నం పెడుతుంది. తర్వాత బుగ్గల లోపలి పొర గట్టిపడి, తెల్లబారి, దారాలు సాగినట్లవుతుంది. నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. పానీపూరీ మొత్తంగా నోట్లో పట్టదు. దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ఇది క్యాన్సర్ కాదు గానీ, కొందరిలో క్యాన్సర్‌గా మారే జబ్బు. ఒకసారి గట్టిపడ్డ బుగ్గ మళ్ళీ పూర్తిగా మెత్తబడదు.

ఇక్కడ కూర్చున్నవాళ్ళందరూ ఒక పని చేయండి. మీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పెట్టి చూడండి. పక్కవాళ్ళు నవ్వినా ఫర్వాలేదు. మూడు వేళ్ళు పడితే అల్‌హందులిల్లాహ్. రెండే పట్టినవాళ్ళు సభ అయ్యాక మౌనంగా ఇంటికి వెళ్ళకుండా, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అలాగే రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిస్తే పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఉన్నా చూపించుకోవాలి. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు చాలామంది. మొదట్లో నొప్పి ఉండకపోవడమే ఈ జబ్బులో మోసం.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరప్రాంతాల్లో అడ్డపొగ అని ఒక అలవాటు ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆడవాళ్ళలోనే ఈ అలవాటు ఎక్కువ. ఆ వేడికీ పొగకూ అంగిలి దెబ్బతింటుంది. డెన్మార్కు దేశపు దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశంలోని సహచరులతో కలిసి ఆ పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి 1971లో వ్యాసం ప్రచురించారు. ఆ పరిశోధన ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతారు. మన తెలుగు పల్లెల ఆడవాళ్ళ అంగిళ్ళను లోకానికి చూపించింది ఒక పళ్ళ డాక్టరని మా జీవశాస్త్రం క్లాసులో చెబితే పిల్లలు నమ్మలేదు.

ఇక అసలు విషయం. క్యాన్సర్‌ను కోసేది సర్జన్, మందులిచ్చేది మెడికల్ ఆంకాలజిస్టు, రేడియేషన్ ఇచ్చేది రేడియేషన్ ఆంకాలజిస్టు. మరి పళ్ళ డాక్టరుకు పనేమిటి?

మా స్కూల్లో పనిచేసిన అటెండరు భాయి కథ చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన పేరు అక్కర్లేదు. ఆయనకు నాలుక పక్కన క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, తర్వాత మనవాళ్ళు అనే ‘కరెంటు’ పెట్టారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలకు పైగా బస్సెక్కి వెళ్ళి పెట్టించుకున్నారు. జబ్బు తగ్గింది. స్కూల్లో మిఠాయిలు పంచాం. రెండేళ్ళు పోయాక కింది దవడ పన్ను ఒకటి సలుపుతోందని దగ్గర్లోని క్లినిక్కుకు వెళ్ళారు. కరెంటు పెట్టించుకున్న సంగతి అక్కడ చెప్పలేదు. పంటికీ దానికీ ఏం సంబంధం అనుకున్నారు. వాళ్ళూ అడగలేదు. పన్ను పీకారు. ఆ గాయం మానలేదు. నెల, రెండు నెలలు, ఆరు నెలలు. లోపల ఎముక బయటికి కనబడింది. చివరికి దవడ ఎముక కొంత తీసేయాల్సి వచ్చింది. క్యాన్సర్‌ను గెలిచిన మనిషి ఒక పంటి దగ్గర ఓడిపోయాడు.

రేడియేషన్ తగిలిన ఎముకకు రక్తప్రసారం తగ్గిపోతుంది. పై దవడ కంటే కింది దవడకు ఆ ప్రమాదం ఎక్కువ. అక్కడ పన్ను తీస్తే మానడానికి కావలసిన రక్తం అందదు. అందుకే రేడియేషన్ మొదలు పెట్టకముందే దంతవైద్యుడు నోరంతా చూడాలి. ఓ.పి.జి. అనే పెద్ద ఎక్స్‌రే తీయించి, నిలబడని పళ్ళేవో తేల్చి, అవి ముందే తీసేసి, గాయం మానడానికి కనీసం రెండు వారాలు గడువిచ్చి, అప్పుడు రేడియేషన్‌కు పంపాలి. ఆ రెండు వారాలు రోగికీ ఇంటివాళ్ళకీ నరకంలా ఉంటాయి. “క్యాన్సర్ పెట్టుకుని పళ్ళ దగ్గర ఆలస్యం ఏమిటి” అని గొడవపడతారు. వాళ్ళను కూర్చోబెట్టి చెప్పడం కూడా ఆ డాక్టరు పనిలో భాగమే.

రేడియేషన్ నడుస్తున్నప్పుడు రెండో వారం, మూడో వారం నుంచి నోరంతా పుండవుతుంది. గుక్కెడు నీళ్ళు దిగవు. ఉప్పూ, వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలింతలు, నొప్పి తగ్గించే మందు, కొన్నిచోట్ల లేజర్ చికిత్స. రోగి తిండి మానేస్తే బరువు తగ్గుతాడు, బరువు తగ్గితే చికిత్స మధ్యలో ఆగుతుంది, ఆగితే జబ్బుకు బలం వస్తుంది. ఇదంతా ఒక గొలుసు. లాలాజల గ్రంథులు ఎండిపోతే నోట్లో తడి ఉండదు. తడి లేని నోట్లో పళ్ళు కొద్ది నెలల్లోనే చిగురు దగ్గర పుచ్చి విరిగిపోతాయి. రోజూ ఫ్లోరైడ్ జెల్ పెట్టుకునే ట్రేలు ఆ మనిషి పళ్ళకు సరిపోయేలా చేసి ఇవ్వాలి. దవడ బిగుసుకుపోకుండా ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, రోజుకొకటి పెంచుతూ నోరు తెరిపించే వ్యాయామం నేర్పాలి. వినడానికి ఎంత చిన్న పనులో చూడండి. చేసేవాళ్ళు లేక ఆగిపోతున్నవి ఇవే.

నోటి క్యాన్సర్ వాళ్ళకే కాదు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిన ఆడవాళ్ళకు ఎముక బలానికి కొన్ని ఇంజెక్షన్లు ఇస్తారు. అవి తీసుకుంటున్నప్పుడు పన్ను తీసినా దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. ముందే పళ్ళు చూపించుకుంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. లుకేమియా వచ్చిన పిల్లలకు కీమోథెరపీ ఇచ్చే రోజుల్లో ఒక పుచ్చు పన్ను ఒళ్ళంతటికీ ఇన్‌ఫెక్షన్ తేగలదు. రక్తంలో ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో చూడకుండా ఆ పన్ను ముట్టుకోకూడదు. ఇవన్నీ తెలిసిన దంతవైద్యుడు ఒకరుండాలి.

మా స్కూల్లో పదో తరగతి చదివి, ప్రభుత్వ డెంటల్ కాలేజీలో బి.డి.ఎస్. చేసి, ఆ తర్వాత కట్టుడు పళ్ళ విభాగంలో, అంటే ప్రోస్థోడాంటిక్స్‌లో, ఎం.డి.ఎస్. చేసిన అమ్మాయి ఒకతి ఉంది. ఇప్పుడు ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేస్తోంది. పేరు చెప్పొద్దంది. మొన్న రంజాన్ సెలవులకు వచ్చినప్పుడు ఇంటికి వచ్చి మాతో గంటలు గంటలు మాట్లాడింది. పై దవడలో క్యాన్సర్ వస్తే అంగిలి ఎముకతో సహా తీసేస్తారట. అప్పుడు నోటికీ ముక్కుకూ మధ్య గోడ ఉండదు. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. మాట ముక్కులోంచి పోతుంది. ఆ రంధ్రాన్ని మూసే ఒక పలకను, పళ్ళు కూడా అమర్చి, చేసి ఇస్తారు. దాన్ని ఆబ్ట్యురేటర్ అంటారు. ఆపరేషన్ బల్ల మీదే తాత్కాలికంగా ఒకటి పెడతారు. గాయం మానే కొద్దీ మారుస్తూ, చివరికి స్థిరమైనది ఇస్తారు.

ఆమె దగ్గరికి ఒక హాఫిజ్ గారు వచ్చారట. మదర్సాలో పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే మనిషి. సగం అంగిలి పోయింది. పలక పెట్టాక అన్నం తినగలిగారు, మంచినీళ్ళు తాగగలిగారు. ఇంటివాళ్ళు సంతోషించారు. ఆయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. సూరె ఫాతిహా మెల్లగా చదివి చూసుకున్నారు. మధ్యలో ఆగిపోయారు. ‘యా’ తన తావునుంచి పలకడం లేదు. తజ్వీద్ చదివినవాళ్ళకు తెలుసు, ఆ అక్షరం నాలుక నడిభాగం అంగిలి వైపు లేస్తేనే వస్తుంది. ఆ అంగిలి ఇప్పుడు ప్లాస్టిక్‌ది. ఆ పలక అక్కడ కాస్త మందంగా ఉంది. మా అమ్మాయి చిన్నప్పుడు మసీదు మక్తబ్‌లో మఖారిజ్ నేర్చుకున్నదే. ఎక్కడ అరగదీయాలో ఆమెకు అర్థమైంది. కొంచెం అరగదీసి, పెట్టి, చదివించి, మళ్ళీ తీసి, మళ్ళీ అరగదీసి, అలా మూడుసార్లు ఆసుపత్రికి పిలిపించి సరిచేసిందట. మూడోసారి ఆయన సూరా పూర్తిగా చదివారు. బయట వరండాలో కూర్చున్న రోగులు కొందరు ఆమీన్ అన్నారట.

ఇది చెబుతూ ఆ అమ్మాయి, “సర్జన్ గారు ప్రాణం కాపాడారు సార్, ఆ పై పని మాకు మిగిల్చారు” అంది.

సరే, దారి ఎలా ఉంటుంది? ఇక్కడ పిల్లలు జాగ్రత్తగా వినాలి. తల్లిదండ్రులు ఇంకా జాగ్రత్తగా వినాలి.

బి.డి.ఎస్. ఐదేళ్ళు. నాలుగేళ్ళు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. నీట్ ద్వారానే ప్రవేశం. మన రెండు రాష్ట్రాల్లో హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ప్రైవేటువి చాలా ఉన్నాయి. బి.సి.-ఇ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు దాన్ని ముందే తీసి పెట్టుకోవాలి. కౌన్సెలింగ్ వారంలో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే తండ్రులను ఏటా చూస్తున్నాం.

ఇంటర్న్‌షిప్ అయ్యాక నీట్-ఎం.డి.ఎస్. రాయాలి. ఎం.డి.ఎస్. మూడేళ్ళు. డెంటల్ ఆంకాలజీ పేరుతో మన దేశంలో ఎం.డి.ఎస్. శాఖ లేదు. ఉన్న తొమ్మిది శాఖల్లోంచే ఆ పనిలోకి వెళ్ళాలి. క్యాన్సర్‌ను కోయాలనుకునేవాళ్ళు ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీ తీసుకుని, ఆ తర్వాత తల, మెడ క్యాన్సర్‌లో ఫెలోషిప్ చేస్తారు. ఆ సర్జన్ల జాతీయ సంఘమే అలాంటి ఫెలోషిప్పులు నడుపుతోంది. మచ్చలు, పుండ్లు తొలిదశలోనే పట్టుకోవాలనుకునేవాళ్ళకు ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ. ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద జబ్బు తేల్చేది ఓరల్ పాథాలజీ. పోయిన అంగిలి, దవడ, చెవి, కన్ను వంటివి కృత్రిమంగా చేసి ఇచ్చేది ప్రోస్థోడాంటిక్స్. ఊరూరా తిరిగి పరీక్షలు చేసి, అలవాట్లు మాన్పించే పని పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీది. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళందరికీ నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమంలోనే ఉంది. ఆ చివరి శాఖకు పోటీ తక్కువ అని పిల్లలు చిన్నచూపు చూస్తారు. మా దృష్టిలో మన బస్తీలకు మొదట కావలసింది అదే.

ఒక సంగతి ముందే తెలుసుకుంటే తర్వాత నిరాశ ఉండదు. ఎం.సిహెచ్. వంటి క్యాన్సర్ సర్జరీ పెద్ద డిగ్రీలు ఎం.బి.బి.ఎస్., ఎం.ఎస్. చదివినవాళ్ళకే. ఎం.డి.ఎస్. వాళ్ళకు ఆ తలుపు లేదు. ఫెలోషిప్పే దారి. ఏ ఆసుపత్రిలో ఏ ఫెలోషిప్ ఏ శాఖవాళ్ళకు ఇస్తున్నారో ఆ ఏడాది ప్రకటన చూసుకోవాలి, ఎవరో చెప్పింది నమ్మకూడదు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో దంత, కృత్రిమ అవయవ చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. విశాఖ దగ్గర అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఆ టాటా సంస్థదే. విదేశాల్లో అయితే న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్, హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రుల్లో ఈ పనికి ప్రత్యేక శిక్షణ ఉంది. అక్కడికి వెళ్ళాలంటే వాళ్ళ పరీక్షలు, లైసెన్సు నియమాలు వేరు.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పేరు అందరూ విన్నారు. మన ఊరినుంచీ బస్సెక్కి అక్కడికి వెళ్ళినవాళ్ళున్నారు. ఎం.ఎన్.జె. అంటే మెహదీ నవాజ్ జంగ్ అని, ఆయనే తర్వాత గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నర్ అయ్యారని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఇంకా వెనక్కి వెళితే, వెయ్యేళ్ళ కిందట కార్డోబాలో అల్ జహ్రావీ తన ‘కితాబ్ అల్ తస్రీఫ్’లో పళ్ళ గార గీకే పనిముట్ల బొమ్మలు వేసి మరీ వివరించాడు. గొప్పలు చెప్పుకోవడానికి ఇది చెప్పడం లేదు. గొప్పలు చెప్పుకునే సభలు మనకు కొదవ లేదు. పళ్ళ వైద్యం తక్కువ చదువని తలవంచుకున్న ఆ పిల్ల కోసం చెబుతున్నాం.

ఇప్పుడు ఏళ్ళ లెక్క. పద్దెనిమిదికి ఇంటర్, ఇరవై మూడుకు బి.డి.ఎస్., ఒక ఏడాది పరీక్షకు తయారీ, ఇరవై ఏడుకు ఎం.డి.ఎస్., ఆ పైన ఫెలోషిప్ ఒకటో రెండో ఏళ్ళు. అంటే ఇరవై తొమ్మిది. అదే క్లాసులో చదివి బి.డి.ఎస్.తోనే క్లినిక్ పెట్టుకున్న స్నేహితుడు అప్పటికి కారు కొనుక్కుని ఉంటాడు. క్యాన్సర్ ఆసుపత్రుల్లో దంతవైద్యుల పోస్టులు చాలా తక్కువ. కొన్నిచోట్ల ఆ విభాగమే లేదు. మొదట్లో జీతం కూడా గొప్పగా ఉండదు. మా అమ్మాయి సాయంత్రాలు మామూలు క్లినిక్కులో పనిచేసి ఇల్లు నడుపుకుంటోంది. ఇదంతా దాచి, “మంచి భవిష్యత్తు ఉంది బాబూ” అని చెప్పడం మాకు చేతకాదు. ఒక్క మాట మాత్రం చెప్పగలం. రోగులు ఉన్నారు, ఆ పని తెలిసిన చేతులు లేవు. అలాంటిచోట మొదట వెళ్ళినవాళ్ళు కష్టపడతారు, విభాగం కూడా వాళ్ళ చేతుల మీదే మొదలవుతుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులు అడగబోయే ప్రశ్న మాకు తెలుసు. ఇరవై తొమ్మిదేళ్ళదాకా ఆగితే రిష్తాలు వస్తాయా అని. మేమూ ఈ ఊళ్ళోనే ఉంటున్నాం, ఆ భయం ఉత్తదని అనం. అయితే ఒక విషయం ఆలోచించండి. మన ఇళ్ళలో పెద్దామెలు పాన్‌దాన్ పక్కన పెట్టుకుని నలభై ఏళ్ళు వక్కా జర్దా నమిలి, బుగ్గలో పుండు వస్తే ఎన్ని నెలలు దాస్తున్నారు? పరాయి మగ డాక్టరు ముందు ముసుగు తీసి నోరు తెరవడానికి మొహమాటం. కోడలికి చెప్పరు, కొడుక్కి చెప్పరు. చివరికి బుగ్గకు రంధ్రం పడ్డాక ఆసుపత్రికి తెస్తారు. అదే ఆమెకు “నానీమా, ఒకసారి నోరు తెరవండి” అనే ఆడ డాక్టరు బస్తీలో ఉంటే, ఆ నోరు ఏడాది ముందే తెరుచుకునేది. ఎం.డి.ఎస్. మధ్యలో పెళ్ళి చేసి, చదువు సాగనిచ్చిన అత్తమామలు ఈ సభలోనే ఇద్దరున్నారు. వాళ్ళు చేతులెత్తక్కర్లేదు.

ఇక సంస్థ పెద్దలకు మా విన్నపం. మన నియమావళిలో స్కాలర్‌షిప్పు మొదటి డిగ్రీ వరకే అని ఉంది. ఆ నియమం రాసినప్పుడు మన పిల్లలు డిగ్రీ దాకా రావడమే గొప్ప. అప్పటికి అది సరైన నియమమే. ఈనాడు బి.డి.ఎస్. అయిన పిల్ల దగ్గర, సరిగ్గా దారి మలుపు తిరిగేచోట, మన చేయి వదిలేస్తున్నాం. ఆ తర్వాత ఆమె వడ్డీ అప్పుకు వెళ్ళాలి, లేదంటే ఆగిపోవాలి. పై చదువుకు విరాళంగా కాకపోయినా ఖర్జె హసనాగా, వడ్డీ లేకుండా, ఉద్యోగం వచ్చాక వాయిదాల్లో తీర్చే పద్ధతిలో ఇవ్వొచ్చని విద్యా కమిటీ ప్రతిపాదిస్తోంది. జకాత్ సొమ్ము దీనికి వాడొచ్చా లేదా అన్నది ఉలమాలు తేల్చాలి. అందాకా విరాళాల ఖాతానుంచి మొదలుపెట్టొచ్చు. అప్పు తీసుకున్నవాళ్ళు చదువయ్యాక ఏడాదికి కొన్ని రోజులు మన బస్తీల్లో ఉచితంగా నోటి పరీక్షలు చేయాలన్న షరతు కూడా పెట్టాం.

దాతలు డబ్బు ఎక్కడిదంటారు. మొన్న ఒక వలీమాకు వెళ్ళాం. బిర్యానీ అయ్యాక కిళ్ళీల స్టాలు, దానికి లైట్లు, నిప్పు వెలిగించి నోట్లో పెట్టే కిళ్ళీ ఒకటి, చుట్టూ ఫోన్లు పట్టుకుని పిల్లలు. ఏడాదికి ఒక్క పెళ్ళిలో ఒక్క కిళ్ళీ తిన్నవాడికి ఏమీ కాదు, మేం మరీ అంత చాదస్తులం కాదు. కానీ ఆరేళ్ళ పిల్లవాడికి వక్క రుచి మొదట తెలిసేది ఆ స్టాలు దగ్గరే. ఈ ఏడు మన ఊరి వలీమాల్లో ఆ స్టాళ్ళ ఖర్చు మాత్రం ఈ ఖాతాకు మళ్ళించమని అడుగుతున్నాం. షాదీఖానా కమిటీ వాళ్ళతో మాట్లాడాం, బుకింగ్ రశీదు వెనక ఈ సంగతి అచ్చు వేయడానికి ఒప్పుకున్నారు.

ఈ ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో బి.డి.ఎస్. పిల్లలు నలుగురు. ముగ్గురు అమ్మాయిలు. వాళ్ళలో ఒకమ్మాయి ఇంటర్న్‌షిప్ ముగించి నీట్-ఎం.డి.ఎస్.కు చదువుతోంది. తండ్రి ఆటో నడుపుతారు. ఆయన తమ్ముడు, అంటే ఆ అమ్మాయి చాచా, రెండేళ్ళ కిందట నోటి క్యాన్సర్‌తో పోయారు. ‘ఏం చదవాలనుకుంటున్నారు’ అన్న గడిలో అందరూ ఒక మాట రాస్తే, ఈ అమ్మాయి గడి చాలక కాగితం వెనక కూడా రాసింది. మొదటి డిగ్రీ పూర్తయింది కాబట్టి, నియమం ప్రకారం ఆ ఫారాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. అది చించలేదు. అధ్యక్షుల వారి ముందున్న ఆకుపచ్చ ఫైల్లో అన్నిటికంటే పైన ఉంది. అసర్ నమాజు తర్వాత సర్వసభ్య సమావేశంలో మా ప్రతిపాదన నాలుగో అంశంగా వస్తుంది. సభ్యులందరూ దయచేసి అప్పటిదాకా ఆగండి.